విద్యార్థి విన్నపము

"ఈ చదువు నీవేల కోరుచున్నావు?" అను ప్రశ్నకు మన యువకులు జీవితమున మొదటిసారి సమాధానము వ్రాయవలసి వచ్చుట, సాధారణముగ ఇరువదియొకటవ యేటనో ఇరువదిరెండవ యేటనో, ఇంజనీరింగు ముగించి అమెరికా విశ్వవిద్యాలయములకు దరఖాస్తు పెట్టుకొను తరుణమున సంభవించుచున్నది. మార్కుల జాబితా, పరీక్ష స్కోరు, బ్యాంకు నిల్వ పత్రము, అధ్యాపకుల సిఫారసు లేఖలు, వీనితోపాటు పిల్లలు "ఎస్.ఓ.పి." యని పిలుచుకొను రెండు పుటల వ్యాసమొకటి జతపరుపవలెను. తక్కినవన్నియు సమకూర్చుకొనుటలో మంచి నేర్పు చూపిన కుర్రవాడు ఈ రెండు పుటల యెదుట దిక్కుతోచక కూర్చుండుట విజయవాడ బెంజి సర్కిలు పరిసరములందలి కన్సల్టెన్సీల వారెల్లరు నెరిగిన విషయమే. ఇందుకు వాని తెలివిని నిందించి ప్రయోజనము లేదు. అంతవరకు ఆ ప్రశ్న వాని నెవ్వరును అడిగి యుండలేదు. చల్లపల్లి మొదలుకొని బందరు, బెజవాడల వరకు గల కృష్ణాతీరమున పిల్లలు చదువులో చేరిన విధానమును కొంచెము వెనుకకు తిరిగి చూచినచో, ఈ ప్రశ్న ఒకప్పుడు గడపగడపకును వినబడుచుండెడిదనియు, తరువాత నూరేండ్లకు పైగా మాటుమణగినదనియు, ఆ మాటుమణగుటయు కేవలము నష్టము కాదనియు తెలియగలదు.

చల్లపల్లికి చేరువనే కృష్ణ యొడ్డున నున్న పెదకళ్లేపల్లి నాగేశ్వరస్వామి క్షేత్రముగనే గాక పండితుల యూరుగను ప్రసిద్ధము. ఆ చుట్టుపట్ల గ్రామములలో వెనుకటి దినములందు విద్యాప్రవేశమునకు దరఖాస్తు లేదు, గడువు తేదీ లేదు; గురువుగారి వీధియరుగే సర్వమును. పిల్లవాడు తండ్రితోనో మేనమామతోనో వచ్చి సాష్టాంగపడిన పిమ్మట, గురువు వాని గోత్రమును, శాఖను, అంతవరకు చదివిన పాఠమును అడిగి తెలిసికొని, ఒక శ్లోకము చదివించి విని, "ఏమి చదువుకొందువురా?" అని ప్రశ్నించెడివాడు. కావ్యమా, వ్యాకరణమా, తర్కమా, జ్యోతిషమా యను నిర్ణయమున పిల్లవాని యిష్టము కొంతయు, ఇంటి సంప్రదాయము కొంతయు, గురువు చూపు కొంతయు పనిచేయుచుండెను. 1888లో పెదకళ్లేపల్లిలో జన్మించిన వేటూరి ప్రభాకరశాస్త్రి చెళ్లపిళ్ల వేంకటశాస్త్రికి శిష్యుడగుటయు, నందమూరున జన్మించిన విశ్వనాథ సత్యనారాయణ బందరు బడిలో ఆ చెళ్లపిళ్ల వారి కడనే తెలుగు చదువుకొనుటయు ఈ పాత పద్ధతికిని, గంట కొట్టి పాఠము చెప్పు క్రొత్త పద్ధతికిని నడిమి సంధికాలమున జరిగిన సంగతులు.

గురువు పాఠము చెప్పును గాని వచ్చిన వారికందరకును అన్నము పెట్టజాలడు. అందువలన వారములు చేసికొని చదువుకొనుట యను ఆచారము మన సీమలో వేళ్లూనినది. ఆదివారమొక యింట, సోమవారమొక యింట, ఈ విధముగ ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని పేద విద్యార్థి భోజనము గడుపుకొనెడివాడు. వారము కోరి వచ్చిన పిల్లవానిని ఇల్లాలు వాకిట నిలిపి, "ఎవరి యబ్బాయివి నాయనా? ఎవరి దగ్గర చదువుచున్నావు? చదివి యేమి చేయుదువు?" అని అడుగకుండ విస్తరి వేయుట యరుదు. ఈ ప్రశ్నలకు వాడు చెప్పుకొను సమాధానము ఏడు గడపలలో ఏడుమారులు చెప్పవలసినది. అందును, మరునాడు వాని గురువునే యడిగి నిజానిజములు తేల్చుకొనగల వారి యెదుట చెప్పవలసినది. కనుక అది క్లుప్తముగను, నమ్మదగినదిగను ఉండక తప్పలేదు. ఆకలితో నిలిచి చెప్పిన ఆ నాలుగు మాటలకంటె మేలైన విన్నపమును ఏ విశ్వవిద్యాలయమును నేటివరకు రాబట్టలేదని నా యభిప్రాయము. అయితే ఈ వ్యవస్థను తలచుకొని మురిసిపోవుటకు ముందు ఒక సంగతిని మరువరాదు. ఆ యరుగు మీదను, ఆ విస్తరి ముందరను కూర్చుండుటకు అర్హత కులముచేత నిర్ణయమైనది. దివిసీమ పొలములలో నాట్లు వేసినవారి పిల్లలను "ఏల చదువుదువు?" అని అడిగినవారు లేరు, చదువుదురేమోనను ఊహయే యెవ్వరికిని కలుగలేదు.

ఇంగ్లీషు చదువు బందరున 1843లో రాబర్టు నోబుల్ స్థాపించిన బడితో మొదలైనది. మరుసటి సంవత్సరముననే, అనగా 1844లో, గవర్నరు జనరలు హార్డింజి ఇంగ్లీషు నేర్చినవారికి సర్కారు ఉద్యోగములలో ప్రాధాన్యమీయవలెనని శాసించెను. ఈ రెండు సంగతులు వెంటవెంట జరుగుటచే చదువునకు కారణమేమను ప్రశ్నకు దేశమంతటికిని ఒకే సమాధానము తయారైనది. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవము స్వీకరింపగా తల్లిదండ్రులు గగ్గోలుపడి పిల్లలను మాన్పించుకొనిరి, బడి ఖాళీయైనది; కాని కొంతకాలమునకు అదే బడికి అవే కుటుంబముల పిల్లలు మరల రాసాగిరి. మతభయమును సైతము జయించిన ఆ కారణమేదో చెప్పనక్కరలేదు. తహసీలు కచేరీలోను, జిల్లా కోర్టులోను ఖాళీలుండెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము వెలసిన పిమ్మట మెట్రిక్యులేషను, ఎఫ్.ఏ., బి.ఏ. అను మెట్లు ఏర్పడినవి. ఏ మెట్టుకు ఏ జీతమో పల్లెలలోని వృద్ధులు సైతము లెక్కగట్టి చెప్పగలిగిరి. దరఖాస్తు కాగితము పేరును, తండ్రి పేరును, పుట్టినతేదీని, కులమును అడిగెను. బడి వదలిన పత్రమును, సత్ప్రవర్తన పత్రమును కోరెను. కోరికను మాత్రము కోరలేదు. అందరి కోరికయు ఒక్కటేయైనచోట దాని నడుగుట వృథా ప్రయాస గదా.

ఈలోపల 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తియై కాలువల నీరు పల్లపు గ్రామములకు చేరగా, మెట్టపంటలతో కాలము గడపిన రైతుల యిండ్ల ధాన్యము నిల్వలు పెరిగినవి. వరి అమ్మిన సొమ్ము ఒక తరము గడచునప్పటికి పిల్లల ఫీజులుగ మారినది. రెండెకరములమ్మి కొడుకును చదివించినాడనుట ఈ డెల్టాలో తండ్రిని గూర్చి చెప్పు గొప్ప ప్రశంస. ఇంతటి పెట్టుబడితో చదువునకు పోవు పిల్లవాని నిష్టాయిష్టములను గూర్చి విచారించుట అతి సున్నితముగ తోచెడిది. దేవరకోట సంస్థానమునకు ముఖ్యస్థానమైన చల్లపల్లిలో యార్లగడ్డవారి కోట యుండుటచే, చదువునకు కలిగినవారి సాయము కోరువారు పూర్వపు వాడుక ననుసరించి విన్నపము వ్రాసికొనుట కలదు. విన్నపము భాష ఎరిగినవారికి దాని మర్యాదలు తెలియును. మొదట బిరుదులు, పిదప దాత కీర్తి, ఆపైన దరఖాస్తుదారుని దారిద్ర్యము, చివర దీవెన. నడుమ నెక్కడనో ఒక వాక్యమున చదువు సంగతి. నేటికిని చల్లపల్లిలో రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ పేరిట కళాశాల యున్నది. ఆ సంస్థానపు పొరుగుననే మంగళాపురమున 1914లో జన్మించిన చండ్ర రాజేశ్వరరావు కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకును, విశాఖపట్నపు వైద్య కళాశాలకును పోయి, తిరిగి వచ్చి, వైద్యము సంగతి ప్రక్కనబెట్టి, ఆ జమీందారీ భూములపైననే రైతుల పోరాటమునకు నాయకుడై, కాలక్రమమున భారత కమ్యూనిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శి యయ్యెను. ఏ దరఖాస్తులోనైనను వ్రాసికొన్న లక్ష్యమునకును, మనిషి చేరిన గమ్యమునకును గల దూరమునకు ఈ సీమలో ఇంతకుమించిన యుదాహరణము లేదు.

ఉద్యోగమను ఆ యేకైక సమాధానమును ధిక్కరించిన సంస్థ యొకటి బందరుననే వెలసినది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారలు వందేమాతరోద్యమపు వేడిలో ఆలోచించి 1910లో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చేరదలచిన పిల్లవాడు మొట్టమొదట ఒక సంగతి తెలిసికొనవలసి యుండెను: ఇచ్చటి పత్రము సర్కారు కొలువునకు చెల్లదు. చెల్లని పత్రమునకై యేల చదువవలెను? నేత, తివాచీలు, యంత్రవిద్య, చిత్రలేఖనము మున్నగువానిని సాహిత్య శాస్త్రములతో సమానముగ బోధించిన ఆ కళాశాలలో ప్రవేశించుటయే ఒక ప్రకటన. న్యాయవాద వృత్తి చేపట్టదగిన పట్టము లుండియు హనుమంతరావు గారు దానిని త్రోసిపుచ్చి జీవితమంతయు ఈ కళాశాలకే ధారపోసి 1922లో కన్నుమూసిరి. చల్లపల్లికి దూరము కాని భట్లపెనుమర్రున జన్మించిన పింగళి వెంకయ్య అచ్చట ఉపాధ్యాయుడుగ నుండెను. ప్రమోదకుమార చటోపాధ్యాయుడు వంగదేశము నుండి వచ్చి చిత్రలేఖనము నేర్పెను. అడివి బాపిరాజు కొంతకాలము ప్రధానాచార్యుడు. పాత గురువుగారి యరుగు తరువాత, "నీకేమి కావలెను?" అని విద్యార్థిని నిజముగ అడిగిన విద్యాలయము మన జిల్లాలో ఇదొక్కటియే యని చెప్పుట సాహసము కాదు. కాని పొలము అమ్మి చదివించిన తండ్రి ఈ ప్రశ్నను మెచ్చునా? దేశభక్తి పొంగిన సంవత్సరములలో నిండుటయు, పొంగు తగ్గినపుడు కుంగుటయు ఆ కళాశాలకు తప్పలేదు.

తరువాతి కథ మార్కుల కథ. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము మొట్టమొదట బెజవాడలోనే నెలకొని, 1930లో వాల్తేరునకు తరలిపోయెను. బెజవాడకు 1937లో ఎస్.ఆర్.ఆర్. కళాశాలయు, 1954లో ఆంధ్ర లొయోలా కళాశాలయు వచ్చినవి. కంకిపాడున 1902లో జన్మించి, ఇంజనీరై, దేశమునకు నీటిపారుదల మంత్రియైన కానూరి లక్ష్మణరావు వంటివారి పేర్లు చెప్పి తండ్రులు కొడుకులకు దారి చూపిరి. 1969 ప్రాంతమున రెండేండ్ల ఇంటర్మీడియెట్ తిరిగి నెలకొనగా, పదవతరగతి ముగించిన పదునైదేండ్ల పిల్లవాడు ఎంపీసీయా బైపీసీయా యను ప్రశ్నకు సమాధానము చెప్పవలసి వచ్చెను; నిజమునకు ఆ ప్రశ్న వానిని గాక వాని తండ్రిని, చిన్నాన్నను, ఊరిలో డాక్టరైన దూరపు బంధువును అడుగుచుండిరి. 1977లో కానూరున వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల వెలసి రాష్ట్రమున ప్రైవేటు ఇంజనీరింగు విద్యకు తెర తీసెను. డబ్బుతో సీటు కొనువారి రద్దీ పెరుగగా 1983లో శాసనసభ క్యాపిటేషను ఫీజును నిషేధించుచు చట్టము చేసెను. 1986 నుండి ఎంసెట్ అను ఉమ్మడి ప్రవేశపరీక్ష నడువసాగినది.

ర్యాంకు ఏమియు అడుగదు. ఈ మౌనమును గూర్చి మన విద్యావేత్తలు చాల విచారపడుదురు. నాకు మాత్రము దానియందు కొంత గౌరవము కలదు. గురువు గోత్రమడిగెను, ఇల్లాలు వంశమడిగెను, పాత దరఖాస్తు కులమును, తండ్రి హోదాను అడిగెను. ఎంసెట్ జవాబుపత్రము దిద్దిన యంత్రమునకు చల్లపల్లి కౌలురైతు కూతురును, బెజవాడ వకీలు కుమారుడును ఒక్కటియే. ఇంగ్లీషులో తన మనస్సును విప్పి చెప్పుట నేర్వని పిల్ల, తన కోరికకు శోభ కూర్చు మాటలు లేని పిల్ల, లెక్క సరిగ చేసినచో చాలును, సీటు దక్కును. రిజర్వేషన్లతో కలిసి ఈ పద్ధతి ఎన్ని యిండ్లలో మొదటి ఇంజనీరును, మొదటి వైద్యురాలిని నిలబెట్టినదో ఈ డెల్టా పల్లెలలో తిరిగిన వారికి తెలియును. దీనికి చెల్లించిన మూల్యమును తక్కువది కాదు. తెల్లవారుజామున లేచి రాత్రి పొద్దుపోవువరకు హాస్టలు గదులలో సూత్రములు వల్లించిన రెండేండ్ల కాలమున, ఏ పాఠము తనకు ప్రియమో తెలిసికొను తీరిక వారికి లేకపోయెను. కౌన్సెలింగున కంప్యూటరు బ్రాంచికి సీటు లేకున్న ఎలక్ట్రానిక్సు, అదియు లేకున్న సివిలు. ఈ వరుస పిల్లవాని హృదయమున గాక, గతసంవత్సరపు ఉద్యోగముల పట్టికలో పుట్టినది.

అయితే ఈ నూరేండ్ల మౌనము మగపిల్లల విషయమున మాత్రమే నిజము. ఆడపిల్లను ఆ ప్రశ్న అడుగని దినము లేదు. "చదివి ఊళ్లేలవలెనా?" అను నాయనమ్మ మాటకును, "ఇంతకన్న చదివించినచో ఈడైన వరుడు దొరకునా?" అను తండ్రి సంశయమునకును, "అంతదూరము ఒంటరిగ పంపుదుమా?" అను పినతండ్రి అభ్యంతరమునకును ఆమె విడివిడిగ, ఓర్పుతో, ఏండ్లతరబడి సమాధానము చెప్పవలసి వచ్చెను. ఇంటిలో గెలిచిన పిమ్మట కళాశాలలోను వాదింపవలసిన సందర్భములు లేకపోలేదు. స్వాతంత్ర్యోద్యమమున పాల్గొన్న దుర్గాబాయి కారాగారవాసముల తరువాత పెద్దవయస్సున కాశీ విశ్వవిద్యాలయము నుండి మెట్రిక్యులేషను పూర్తిచేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రము చదువగోరినపుడు, స్త్రీలకు వసతిగృహము లేదని ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు సందేహించిరి. ఆమె తన విద్యాభిలాషను గూర్చి మరియొక వినతిపత్రము వ్రాయలేదు. వసతి లేక చదువు మానుకొన్న యువతులు తనకు తెలుపవలసినదని పత్రికలో ప్రకటన వేయించి, వచ్చినవారిని కూర్చుకొని, వసతిగృహమును తామే యేర్పరచుకొని, ఆ పిమ్మట ప్రవేశము పొందెను. 1962లో విజయవాడలో మారిస్ స్టెల్లా మహిళా కళాశాల తెరచునప్పటికి ఇటువంటి వాదములు కొంత సులభములైనవి గాని, చల్లపల్లి బస్సుస్టాండులో పుస్తకములు గుండెలకు హత్తుకొని నిలిచిన పిల్లలకు ఇంటివాదము మరి కొన్నియేండ్లు సాగుచునే యుండెను.

ఇక అమెరికా ప్రశ్నకు వత్తము. దరఖాస్తుదారు తన్ను గూర్చి తాను వ్రాసికొనవలెనను వాడుక ఆ దేశమున విద్యార్థి హృదయమును తెలిసికొనవలెనను సదుద్దేశముతోనే పుట్టినదని మనవారు భావింతురు. చరిత్ర వేరొక విధముగ చెప్పుచున్నది. పరీక్షలలో నెగ్గి వచ్చు యూదుల పిల్లల సంఖ్య పెరుగుట చూచి, 1922లో హార్వర్డు అధ్యక్షుడు లోవెల్ వారికి పరిమితి విధింపవలెనని ప్రతిపాదించెను. బహిరంగమైన ఆ పరిమితి తిరస్కరింపబడినను, 1926 నాటికి శీలము, వ్యక్తిత్వము అనువానిని పరిగణించు పద్ధతి అమలునకు వచ్చెను. మార్కులకు లొంగని ఈ కొలతలతో ఎవరిని కావలెనన్న వారిని చేర్చుకొనుటకును, వలదన్న వారిని మర్యాదగ సాగనంపుటకును వీలు కలిగినది. జెరోమ్ కారబెల్ 2005లో ప్రకటించిన గ్రంథమున ఈ కథను సవిస్తరముగ వివరించెను. 1975లో పదునైదు కళాశాలలు కలిసి ఉమ్మడి దరఖాస్తు నేర్పరచుకొనుట తరువాతి మాట. మనవారు వ్రాయు ఎస్.ఓ.పి. పట్టభద్రుల పైచదువునకు సంబంధించినది, పరిశోధనాసక్తిని తెలిసికొనుట దాని పని. దానికి ఈ పాపమంతయు అంటగట్టరాదు. అయినను ప్రశ్న అడుగువాడు ఎల్లప్పుడును సమాధానము వినగోరియే అడుగడని తెలిసియుండుట మంచిది.

ఆ హార్వర్డునకే, ఆ వివాదము నడుచుచుండిన 1923లోనే, భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఉష్ణమండల వ్యాధుల శాస్త్రము చదువుటకై చేరెను. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందున ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, యం.బి.బి.యస్. పట్టమునకు మారుగ తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. తో సరిపెట్టుకొనవలసి వచ్చినవాడు. కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయముతోను, మామగారి ధనముతోను ఓడ యెక్కినవాడు. ఆయన యేల ఆ శాస్త్రమునే కోరెనో వివరించుటకు అలంకారములు అక్కరలేదు. అన్నయు, తమ్ముడును స్ప్రూ అను ఉష్ణమండల వ్యాధిచే కొద్దిదినముల యెడములో మరణించిరి. తానును ఆ వ్యాధినుండి ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బయటపడెను. బోస్టనులో ఆసుపత్రియందు రాత్రిపూట కూలిపని చేసి చదువు సాగించి, 1925లో ఫిస్కే అను శాస్త్రవేత్తతో కలిసి రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని కనుగొని, హార్వర్డులో స్థిరమైన పదవి దొరకక లెడర్లీ ప్రయోగశాల చేరెను; అచ్చట ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును సిద్ధపరచెను. అది స్ప్రూ వ్యాధికి ఔషధమైనది. ఇరువది రెండేండ్ల క్రిందట చేరునపుడు మనస్సున నున్న కారణము ఇంత సూటిగ నెరవేరుట చరిత్రలో అరుదు, మంగళాపురపు వైద్యవిద్యార్థి కథకు ఇది సరిగ వ్యతిరేకము.

1965లో అమెరికా వలసచట్టము మారిన పిమ్మట మన జిల్లా వైద్యులును, తదుపరి ఇంజనీర్లును వేలసంఖ్యలో పోయిరి. మొదటివారు దరఖాస్తులు స్వహస్తముతో వ్రాసికొనిరి. ఇప్పుడు కన్సల్టెన్సీలలో ముసాయిదాలు సిద్ధముగ నుండును, పేరును బ్రాంచిని మార్చుకొనిన చాలును. గుమాస్తా చేత అర్జీ వ్రాయించుకొను పాత అలవాటు గల సీమలో ఇది ఆశ్చర్యము కాదు. నాడు బిరుదులున్నచోట నేడు ఆ విశ్వవిద్యాలయపు ఆచార్యుల ప్రశంస, దారిద్ర్యమున్నచోట అభిరుచి. దీవెన మాత్రము మారలేదు.

వ్రాయదగినది లేక కాదు. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమపై విరుచుకుపడి వేలాది ప్రాణములను బలిగొనినది. ఆ రాత్రి సంగతి చెప్పగల తాతలు, నాయనమ్మలు ఇంకను కొన్ని యిండ్లలో నున్నారు, వారి మనుమడు జలశాస్త్రమునకు దరఖాస్తు పెట్టుచున్నాడు. కాలువ చివరి పొలములకు నీరందక, సముద్రపు ఉప్పు పైకెగబ్రాకి, వరిమళ్లు రొయ్యల చెరువులుగ మారుటను అతడు బడికి పోవుచు వచ్చుచు చూచినాడు. చల్లపల్లిలోనే 2014 నవంబరు నుండి ఒక వైద్యదంపతుల చొరవతో ఊరివారు ప్రతిదినము తెల్లవారుజామున చీపుళ్లు, గంపలు పట్టి రోడ్లు శుభ్రపరచి, బాటల ప్రక్కన చెట్లు నాటి పెంచుచున్నారు. పర్యావరణ ఇంజనీరింగు కోరు విద్యార్థికి ఇంతకు మించిన ప్రయోగశాల ఎచ్చట దొరకును? విద్యార్థి వీని నన్నిటిని పల్లెటూరి ముచ్చటలని ప్రక్కకు నెట్టి, తనకు కంప్యూటరుపై ఐదవయేటనే మక్కువ కలిగెనని మొదటి వాక్యము వ్రాయుచున్నాడు.